తప్పెవరిది? నష్టం ఎంత? కోర్టు ఎలా తేలుస్తుంది?



ఎనిమిదో తరగతి సోషల్‌లో సివిల్ కేసుకూ, క్రిమినల్ కేసుకూ తేడా చెప్పే పాఠం ఒకటి ఉంది. పోయిన నెల ఆ పాఠం చెప్తుంటే వెనక బెంచీలోంచి ఒక బాబు లేచి, "టీచర్, ఆటో గుద్దితే పోలీసోళ్లు డ్రైవర్‌ను తీస్కపోతరు. మరి కాలు ఇరిగినాయనకు దవాఖాన పైసలు ఎవలిస్తరు?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ప్రశ్నకు జవాబు మా ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం వల్ల మేం ఏం పోగొట్టుకున్నామో నాకు తెలుసు. ఆ సంగతి చివర్లో చెప్తాను. ముందు పాఠం.

మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో హైవే పక్కన బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పిల్లలు బస్సుల్లో, ఆటోల్లో స్కూలుకు వస్తారు. ప్రమాదం గురించి మాట్లాడితే అపశకునం అనుకోకుండా, ఒక్కసారి ఇంట్లో అందరూ కూర్చుని దీన్ని చదవండి.

1. ఒకే ప్రమాదం, రెండు కేసులు

ఒక లారీ బైక్‌ను గుద్దిందనుకోండి. దీని నుంచి రెండు వేర్వేరు కేసులు పుడతాయి.

మొదటిది క్రిమినల్ కేసు. ఇది ప్రభుత్వం తరఫున నడుస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ ప్రకారం, నిర్లక్ష్యంతో ఒకరి చావుకు కారణమైతే ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. ఈ కేసు పని శిక్ష వేయడం. బాధితుడి ఆస్పత్రి బిల్లు కట్టించడం దీని ముఖ్యమైన పని కాదు.

రెండోది నష్టపరిహారం కేసు. దీన్ని బాధితుడు, లేదా చనిపోయినవారి కుటుంబం వేసుకోవాలి. రోడ్డు ప్రమాదమైతే మోటారు వాహనాల చట్టం, 1988లోని 166వ సెక్షన్ కింద మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో వేస్తారు. ఆస్పత్రిలో వైద్యం విషయంలో నిర్లక్ష్యమైతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మిగిలినవాటికి మామూలు సివిల్ కోర్టు ఉంది.

చాలామందికి తెలియని విషయం ఇక్కడే ఉంది. రెండు కేసుల్లో రుజువు కొలత ఒకటి కాదు. జైలుకు పంపాలంటే సందేహానికి తావు లేకుండా తప్పు రుజువు కావాలి. పరిహారానికి అంత అక్కర్లేదు. రెండు వైపుల సాక్ష్యాన్నీ త్రాసులో వేస్తే ఏ వైపు ఎక్కువ నమ్మదగ్గదిగా ఉందో చూస్తారు. అందుకే "క్రిమినల్ కేసు కొట్టేశారు, ఇంక మనకేం రాదు" అనుకోవడం పొరపాటు. క్రిమినల్ కోర్టులో డ్రైవర్ బయటపడినా, ట్రిబ్యునల్ తన ముందున్న సాక్ష్యాన్ని చూసి పరిహారం ఇప్పించవచ్చు.

2. కోర్టు అడిగే నాలుగు ప్రశ్నలు

నిర్లక్ష్యం అని మనం తేలిగ్గా అనేస్తాం. కోర్టు మాత్రం దాన్ని నాలుగు ముక్కలు చేసి చూస్తుంది.

ఒకటి: ఎదుటివారి మీద జాగ్రత్త తీసుకోవాల్సిన బాధ్యత ఇతనికి ఉందా?
రెండు: ఆ బాధ్యతను తప్పాడా? అంటే, అలాంటి పరిస్థితిలో బుద్ధిగల మామూలు మనిషి తీసుకునే జాగ్రత్త తీసుకోలేదా?
మూడు: ఆ తప్పు వల్లనే ఈ దెబ్బ తగిలిందా?
నాలుగు: తగిలిన నష్టం ఎంత?

ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికి "లేదు" అని జవాబు వచ్చినా కేసు నిలవదు.

మొదటి ప్రశ్నకు దారి వేసింది 1928లో స్కాట్లాండ్‌లోని పైస్లీ పట్టణంలో జరిగిన చిన్న సంఘటన. ఒక స్నేహితురాలు కొనిచ్చిన కూల్‌డ్రింక్ తాగుతుంటే సీసాలోంచి కుళ్లిన నత్త బయటపడిందని, దానితో జబ్బు పడ్డానని ఒక మహిళ కేసు వేసింది. సీసా తను కొనలేదు. కంపెనీతో ఆమెకు ఒప్పందం లేదు. అయినా, నీ పని వల్ల ఎవరికి హాని జరగవచ్చని నువ్వు ముందే ఊహించగలవో వాళ్లందరి విషయంలో నువ్వు జాగ్రత్తగా ఉండాల్సిందేనని 1932లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. మన కోర్టులు కూడా ఆ దారినే తీసుకున్నాయి.

3. మన పిల్లల కేసు: బియాస్ నది

ఈ నాలుగు ప్రశ్నలను మనకు బాగా తెలిసిన ఒక విషాదం మీద పెట్టి చూద్దాం. 2014 జూన్ 8 సాయంత్రం. హైదరాబాద్‌లోని వీఎన్‌ఆర్ విజ్ఞాన జ్యోతి ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు టూర్ మీద హిమాచల్ ప్రదేశ్ వెళ్లారు. మండి జిల్లాలో బియాస్ నది దగ్గర బస్సులు ఆగాయి. పిల్లలు ఫొటోల కోసం నదిలోని రాళ్ల మీదికి దిగారు. ఎగువన ఉన్న లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. క్షణాల్లో నది పెరిగింది. 24 మంది విద్యార్థులు, వాళ్లతో ఉన్న ఒక టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. ఆ రోజుల్లో తెలుగు ఇళ్లలో టీవీ ముందు నుంచి లేవనివాళ్లు లేరు.

హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు ఎవరూ పిటిషన్ వేయకుండానే తనంతట తానే కేసు తీసుకుంది. 2016 జనవరిలో తీర్పు ఇచ్చింది. ఒక్కో విద్యార్థి తల్లిదండ్రులకు రూ.20 లక్షల పరిహారం, దానిపై వడ్డీ ఇవ్వమంది. ఆ భారాన్ని ముగ్గురికి పంచింది: విద్యుత్ బోర్డుకు 60 శాతం, కాలేజీకి 30 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి 10 శాతం.

ఈ పంపకంలోనే పాఠం ఉంది. నీళ్లు వదిలేవాడికి కింద నదిలో మనుషులుండవచ్చని తెలుసు. అది బాధ్యత. చాలినంత హెచ్చరిక లేకుండా నీళ్లు వదలడం ఆ బాధ్యతను తప్పడం. నీళ్ల వల్లే పిల్లలు పోయారు. అది కారణం. ఇక పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లిన కాలేజీ "నీళ్లు మేం వదల్లేదు కదా" అంటే సరిపోదు. కొత్త ఊరు, తెలియని నది, వెంట పెద్దవాళ్లున్నారు. అటు దిగవద్దని ఆపాల్సిన బాధ్యత వాళ్లకూ ఉంది. తప్పు ఒకరిదే కానక్కర్లేదు. ఎవరి వంతు ఎంతో కోర్టు లెక్క కడుతుంది.

4. "పర్మిషన్ లెటర్ మీద సంతకం పెట్టాం కదా టీచర్?"

టూర్‌కు ముందు మేం మీకు ఒక కాగితం పంపిస్తాం. మీరు సంతకం పెడతారు. ఒక టీచర్‌గా ఈ మాట సూటిగా చెప్పడం నా ధర్మం అనుకుంటాను: ఆ సంతకంతో మా బాధ్యత పోదు. మీరు ప్రయాణానికి ఒప్పుకున్నారు, నిర్లక్ష్యానికి కాదు.

1995 మే నెలలో పంజాబ్‌లోని ఒక స్కూల్ పిల్లలు పిక్నిక్‌కు వెళ్లి ఇదే బియాస్ నదిలో దిగి 14 మంది మునిగిపోయారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2001లో ఎం.ఎస్. గ్రేవాల్ కేసుగా తీర్పు వచ్చింది. ఒక్కో బిడ్డకు రూ.5 లక్షల పరిహారాన్ని కోర్టు ఖాయం చేసింది. వెంట వెళ్లిన టీచర్లు తప్పు చేస్తే, వాళ్లను ఆ పనికి పంపిన యాజమాన్యం కూడా బాధ్యత వహించాలంది. బీఈడీలో మాకు ఒక మాట నేర్పిస్తారు: స్కూల్ గేటు లోపల టీచర్ తల్లిదండ్రుల స్థానంలో ఉంటుంది. గేటు బయట టూర్‌లో కూడా అంతేనని ఈ తీర్పు చెప్తుంది.

సంతకం విలువ ఎంతవరకో చూపే కేసు మన హైదరాబాద్‌లోనే ఉంది. 1990 అక్టోబర్‌లో 20 ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థికి నిమ్స్‌లో ఛాతీలోని గడ్డకు ఆపరేషన్ జరిగింది. తర్వాత నడుము కింది భాగం పడిపోయింది. పరీక్ష కోసం ముక్క తీయడానికి తీసుకున్న అనుమతితో గడ్డనే పూర్తిగా తీసేశారనీ, అలాంటి ఆపరేషన్‌కు న్యూరోసర్జన్‌ను పెట్టుకోలేదనీ కేసు. ఆ యువకుడు వీల్‌ఛైర్‌లో సుప్రీంకోర్టుకు వచ్చి తన కేసు తనే వాదించుకున్నాడు. జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన సుమారు రూ.15 లక్షలను సుప్రీంకోర్టు 2009 మే 14న రూ.1 కోటికి పెంచింది. ప్రశాంత్ ఎస్. ధనంక కేసుగా లాయర్లందరికీ ఇది తెలుసు. ఒక పనికి ఇచ్చిన అనుమతి మరో పనికి చెల్లదనేది ఇందులో మనం గుర్తుపెట్టుకోవాల్సింది. ఇంకొకటి కూడా: జీవితాంతం కావాల్సిన నర్సు, సహాయకుడు, ఫిజియోథెరపీ, ఇవన్నీ నష్టంలో భాగమే.

అందుకే మీరు టూర్ కాగితం మీద సంతకం పెట్టే ముందు మమ్మల్ని అడగండి. ఎంతమంది పిల్లలకు ఒక టీచర్ వస్తున్నారు? బస్సుకు ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఉన్నాయా? నది, చెరువు, డ్యామ్ దగ్గర ఆగుతున్నారా? అడిగితే మేం ఏమనుకుంటామో అని మొహమాటపడకండి. అడిగే తల్లిదండ్రులుంటే మేం ఇంకా జాగ్రత్తగా ఉంటాం.

5. బాధితుడి తప్పు కూడా ఉంటే?

దెబ్బ తగిలినవాడి తప్పు కూడా కొంత ఉంటే, ఆ వాటా మేరకు పరిహారం తగ్గుతుంది. మొత్తం నష్టం రూ.10 లక్షలు, అతని తప్పు 20 శాతం అని తేలితే చేతికి రూ.8 లక్షలు వస్తాయి.

అయితే చట్టాన్ని మీరడం వేరు, ప్రమాదానికి కారణం కావడం వేరు. బైక్ మీద ముగ్గురు వెళ్తుంటే వెనక నుంచి కారు గుద్దిన ఒక కేసులో, ముగ్గురు ఎక్కారు కాబట్టి పరిహారంలో కోత పెట్టాలని ఢిల్లీ హైకోర్టు అంది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఆ కోత తీసేసింది. ముగ్గురు ఎక్కడం నేరమే. కానీ అందువల్లే ప్రమాదం జరిగిందని, లేదా దెబ్బ ఎక్కువైందని చూపకపోతే కోత పెట్టకూడదంది. పై నాలుగింటిలో మూడో ప్రశ్న అదే. ఇది చదివి ట్రిపుల్ రైడింగ్‌కు లైసెన్స్ దొరికిందనుకోకండి. ఎక్కేవాడి ప్రాణానికి కోర్టు హామీ ఇవ్వదు.

బస్సులో ప్రయాణికుడి సంగతి వేరు. మన వనపర్తి జిల్లాలో కొత్తకోట మండలం పాలెం దగ్గర 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున జరిగింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బిజినపల్లి దగ్గరి పాలెం కాదు, హైవే మీది పాలెం. బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న ప్రైవేటు వోల్వో బస్సు కల్వర్టును గుద్ది అంటుకుంది. 45 మంది లోపలే కాలిపోయారు. నిద్రలో ఉన్న ప్రయాణికుడి చేతిలో స్టీరింగ్ లేదు. అలాంటివారి మీద తప్పు వాటా వేయడానికి ఏమీ ఉండదు. ఒకవేళ రెండు వాహనాల తప్పు వల్ల ప్రయాణికుడికి దెబ్బ తగిలితే, మొత్తం పరిహారాన్ని ఆ ఇద్దరిలో ఎవరి నుంచైనా అడగవచ్చని సుప్రీంకోర్టు 2015లో స్పష్టం చేసింది. వాటాలు వాళ్లూ వాళ్లూ తర్వాత తేల్చుకోవాలి.

6. లెక్క: ఇది మ్యాథ్స్ పీరియడ్

ప్రాణానికి వెల కట్టలేం. కానీ ఇంటికి రావాల్సిన సంపాదన ఆగిపోయింది కాబట్టి దానికి లెక్క ఉంటుంది. జడ్జికి ఒక్కొక్కరికి ఒక్కో తోచినంత కాకుండా, 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు ఒక పద్ధతి పెట్టింది.

ఒక ఉదాహరణ చూద్దాం. 35 ఏళ్ల వ్యక్తి, సొంతంగా చిన్న వెల్డింగ్ షాపు, నెలకు రూ.15,000 సంపాదన. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆధారపడి ఉన్నారు. ప్రమాదంలో చనిపోయాడు.

సంవత్సరానికి సంపాదన: 15,000 × 12 = రూ.1,80,000.
బతికుంటే సంపాదన పెరిగేది. సొంత పని, 40 ఏళ్లలోపు కాబట్టి 40 శాతం కలపాలి: రూ.2,52,000.
తన సొంత ఖర్చుకు కొంత పోయేది. ఆధారపడినవారు నలుగురు నుంచి ఆరుగురైతే నాలుగో వంతు తీసేయాలి: రూ.1,89,000.
31 నుంచి 35 ఏళ్ల వయసుకు గుణకం 16: 1,89,000 × 16 = రూ.30,24,000.

దీనికి అంత్యక్రియల ఖర్చు, భార్యకు తోడు పోయినందుకు ఇచ్చే మొత్తం వంటివి కలుపుతారు. వయసు పెరిగేకొద్దీ గుణకం తగ్గుతుంది. 41 నుంచి 45కు 14, 56 నుంచి 60కి 9.

మనిషి బతికి, వైకల్యం మిగిలితే సొంత ఖర్చు తీసేయరు. అదే వ్యక్తి సంపాదించే శక్తి 20 శాతం తగ్గిందనుకుంటే: 2,52,000లో 20 శాతం రూ.50,400. దాన్ని 16తో గుణిస్తే రూ.8,06,400. వైద్యం ఖర్చు, నొప్పికి, తర్వాత చేయించుకోవాల్సిన ఆపరేషన్లకు ఇచ్చేది వేరు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. డాక్టర్ సర్టిఫికెట్‌లో రాసిన శాతమే కోర్టు శాతం కాదు. రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది చాలా తేలికగా అర్థమవుతుంది. ఒక చెయ్యి పోతే వైద్యుల లెక్కలో 60 శాతం కావచ్చు. అతను డ్రైవరో, వడ్రంగో అయితే సంపాదన మొత్తం పోయినట్టే. ఆఫీసులో గుమాస్తా అయితే ఉద్యోగం నిలబడవచ్చు. కాబట్టి ఆ వ్యక్తి ఏం పని చేసేవాడో రుజువు చేయడం సర్టిఫికెట్ అంత ముఖ్యం.

మరి సంపాదనే లేని పిల్లలకు? 12 ఏళ్ల హర్యానా అమ్మాయి కేసులో 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జవాబిచ్చింది. తలకు దెబ్బ తగిలి ఆ పాప జీవితాంతం ఇతరుల మీద ఆధారపడే స్థితికి వచ్చింది. నైపుణ్యం ఉన్న కార్మికుడి కనీస వేతనాన్ని ఆధారంగా తీసుకుని, రాత్రింబవళ్లు చూసుకునే సహాయకుల ఖర్చు కూడా కలిపి పరిహారాన్ని రూ.62 లక్షలకు పైగా పెంచింది. చదువుకునే బిడ్డ అంటే సంపాదన సున్నా అని కాదు.

7. తప్పు నిరూపించనక్కర్లేని దారులు

కొన్నిచోట్ల చట్టం ముందే మెత్తబడింది. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద ఎవరి తప్పో తేల్చకుండానే మరణానికి రూ.5 లక్షలు, తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు అడగవచ్చు. గుద్ది పారిపోయిన వాహనం దొరక్కపోతే మరణానికి రూ.2 లక్షలు, తీవ్ర గాయానికి రూ.50,000 ఇచ్చే పథకం ఉంది.

పనిచేసే చోట జరిగే ప్రమాదాలకు 2025 నవంబర్ దాకా 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ఉండేది; ఇప్పుడు దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ ఉంది. 2025 ఫిబ్రవరి 22న మన నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయినప్పుడు పిల్లలు రోజూ క్లాసులో అడిగేవారు. అలాంటి చోట పనిచేసే కూలీ కుటుంబం యజమాని నిర్లక్ష్యాన్ని నిరూపించనవసరం లేదు. పనిలో ఉండగా, పని కారణంగా ప్రమాదం జరిగిందని చూపితే చాలు. పాలమూరు నుంచి వలస పోయే ప్రతి ఇంటికీ ఈ ఒక్క ముక్క తెలిసి ఉండాలి.

8. బైక్ తాళం ఎవరి చేతిలో ఉంది?

ఈ భాగం తొమ్మిది, పది తరగతుల తల్లిదండ్రులకు. స్కూల్ గేటుకు రెండు వీధుల అవతల బైకులు పెట్టి నడిచి వచ్చే పిల్లలు ఉన్నారు. మాకు తెలుసు, మీకూ తెలుసు. 199ఏ సెక్షన్ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులు లేదా బండి యజమాని దోషి. మూడేళ్ల దాకా జైలు, రూ.25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఇక పరిహారం సంగతి: లైసెన్స్ లేనివాడు నడిపితే ఇన్సూరెన్స్ కంపెనీ బాధితుడికి కట్టి, ఆ మొత్తాన్ని బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. పైన మనం వేసిన లెక్కలో వచ్చిన రూ.30 లక్షలను ఒకసారి మీ ఇంటి మీద వేసి చూడండి.

9. మా ఇంటి కేసు

మొదట్లో చెప్తానన్న సంగతి ఇది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా నాన్న పెబ్బేరు సంత నుంచి సైకిల్ మోటార్ మీద వస్తుంటే, చీకట్లో లైటు లేకుండా రోడ్డు మీద నిలిపిన ట్రాక్టర్ ట్రాలీకి గుద్దుకున్నాడు. కుడి కాలు విరిగింది. మూడో రోజు పెద్దమనుషులు ఇంటికొచ్చారు. "కోర్టుల సుట్టు ఎవలు తిరుగుతరు, ఇచ్చినకాడికి తీస్కుందాం" అంది అమ్మ. రూ.30,000కు రాజీ కాగితం రాసుకున్నారు. పోలీస్ స్టేషన్‌కు పోలేదు. ఆ డబ్బు మొదటి ఆపరేషన్‌కే సరిపోలేదు. ఏడాదిన్నర తర్వాత లోపలి రాడ్ తీయడానికి మళ్లీ అప్పు చేశాం. నాన్న కాలు ఇప్పటికీ కొంచెం పొట్టిగానే ఉంది. తర్వాత మూటలు మోయలేకపోయాడు.

ఈ లెక్క నేర్చుకున్నాక ఒక రాత్రి నాన్న మీద వేసి చూశాను. అప్పటికి 42 ఏళ్లు, గుణకం 14. నెలకు రూ.4,500 సంపాదన. 20 శాతం శక్తి తగ్గిందనుకుంటే, భవిష్యత్తు పెరుగుదల కలపకుండానే రూ.1,51,200. ఆస్పత్రి ఖర్చు దీనికి వేరే. నాన్నది కూడా కొంత తప్పని కోర్టు కోత పెట్టినా ముప్పై వేల కన్నా ఎక్కువే వచ్చేది. ఆ 20 శాతం కూడా నా అంచనానే. డాక్టర్ రాసిచ్చిన కాగితం ఒక్కటీ మా దగ్గర లేదు.

ఆ పెద్దమనుషులు చెడ్డవాళ్లు కారు. ట్రాక్టర్ ఆయన కూడా పేదవాడే. కానీ వాళ్లు ఆ రోజు కనిపించిన నష్టాన్నే లెక్కపెట్టారు. కోర్టు రాబోయే ఏళ్లను కూడా లెక్కపెడుతుంది. తేడా అంతా అక్కడే.

10. ఇంట్లో గోడకు అంటించుకోవాల్సినవి

మొదట ప్రాణం. ఆస్పత్రికి తీసుకెళ్లినవారిని వేధించకూడదని, వారిపై కేసు పెట్టకూడదని చట్టంలో 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఆగి సాయం చేయడానికి భయపడకండి.

ఆస్పత్రిలో ప్రమాదం అని స్పష్టంగా చెప్పి మెడికో లీగల్ కేసుగా రాయించండి. "మెట్ల మీద పడ్డాం" అని రాయిస్తే తర్వాత దాన్ని మార్చడం కష్టం.

ఎఫ్‌ఐఆర్ చేయించండి. రాజీ ఆలోచన ఉన్నా సరే, ముందు ఎఫ్‌ఐఆర్. 2022 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి.

బండి నంబర్, ఇన్సూరెన్స్, డ్రైవర్ లైసెన్స్, స్థలం ఫొటోలు, చూసినవారి ఫోన్ నంబర్లు తీసుకోండి. ప్రతి బిల్లు, డిశ్చార్జ్ కాగితం, ఎక్స్‌రే ఒక కవర్‌లో దాచండి. సంపాదనకు ఆధారం దాచండి: బ్యాంకు పుస్తకం, షాపు లైసెన్స్, జీతం చిట్టీ.

చట్టంలో గడువు ప్రమాదం నుంచి ఆరు నెలలు అని ఉంది. వైద్యం విషయంలో వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లు. ఆలస్యం చేయకండి. ప్రమాదం ఎక్కడ జరిగినా, మీరు నివసించే చోటి ట్రిబ్యునల్‌లోనే కేసు వేసుకోవచ్చు. 2022 జూన్ 2న తెలంగాణలో కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులు వచ్చాయి కాబట్టి ప్రతిదానికీ మహబూబ్‌నగర్ పోవాల్సిన పని లేదు.

లాయర్‌కు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఫోన్ నంబర్ 15100. రాజీ పడాలనుకున్నా లోక్ అదాలత్‌లో పడండి. అక్కడి ఒప్పందానికి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది.

ఈ నెల ఇంటి పని (పిల్లలు, పెద్దలు కలిసి)

ఒక ఆదివారం సాయంత్రం ఈ కథ మీ పిల్లలకు చెప్పండి. "అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ పాడైంది. వాచ్‌మన్ బోర్డు పెట్టాడు, కానీ తలుపుకు తాళం వేయలేదు. చదువురాని ఒక ముసలమ్మ తలుపు తీసి పడిపోయింది." తర్వాత నాలుగు ప్రశ్నలూ వరసగా అడగండి. బాధ్యత ఎవరిది? బోర్డు సరిపోతుందా? ముసలమ్మ తప్పు ఎంత శాతం? మీ ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని జవాబులు వస్తాయి. ప్రతి జవాబుకూ కారణం ఒక వాక్యంలో రాయించి, డైరీలో పెట్టి పంపండి. క్లాసులో మేం కోర్టు పెడతాం. ప్రశ్న అడిగిన ఆ బాబే ఈసారి జడ్జి.

మీ పిల్లల సోషల్ టీచర్
హైస్కూల్ విభాగం